పశువుల సిమెంటు తొట్టి రివ్యూ: పచ్చబడ్డ రిజర్వాయర్ నీళ్లు మాన్పించడానికి కొన్నది

తొట్టికి ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఎనుములో (గేదెలు), జీవాలో ఉండి ఎండాకాలంలో రిజర్వాయర్ బ్యాక్ వాటర్ మీదో చెరువు మీదో ఆధారపడే వాళ్లు ఎవరైనా సరే, ఒకటి దించుకోండి అనే చెబుతాను. ఒక మార్కు ఎందుకు తగ్గించానో, డబ్బులు ఎక్కడ దండగ అవుతాయో, అసలు ఇది ఎందుకు కొనాల్సి వచ్చిందో అన్నీ రాస్తున్నా. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి. రాసేది సిమెంటు తొట్టి గురించే అయినా విషయం జీవాల ప్రాణాలది.

మాది అనంతపురం జిల్లా. ఇంట్లో ఎనుములు, ఒక జత ఎద్దులు ఉన్నాయి, పక్క దొడ్డిలోనే మా చిన్నాయన వాళ్ల గొర్రెల మంద ఉంటుంది. ఊరికి దగ్గర్లో ఒక రిజర్వాయర్ ఉంది. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఆ ఒక్కదాని సమస్య కాదు. సంక్రాంతి దాకా నీళ్లు తేటగానే ఉంటాయి. ఏప్రిల్ వచ్చేసరికి నీళ్లు లోపలికి జరిగి, ఒడ్డంతా బురదై, మిగిలిన నీళ్లు చిక్కగా పచ్చబడతాయి. కొన్ని రోజులు పొద్దున్నే చూస్తే గాలి తోసిన వైపు ఒడ్డున పచ్చ రంగు ఆయిల్ పెయింటు డబ్బా ఒలికినట్టు తెట్టె కట్టి ఉంటుంది. అది ఎండితే బండల మీద నీలం తెలుపు కలిసిన పొరలాగా అంటుకుపోతుంది, గోటితో గీకితే లేస్తుంది, మురిగిన వాసన వస్తుంది. మావాళ్లంతా దాన్ని నాచు అంటారు, అది ఎప్పుడూ ఉండేదే కదా అంటారు.

పోయిన ఎండాకాలం చిన్నాయన మంద ఆ వైపు నీళ్లు తాగింది. సాయంత్రానికి కొన్ని గొర్రెలు మేత ముట్టలేదు, తూలాయి, పొద్దునకు కొన్ని లేవలేదు. ఊర్లో ఒకరు చిటుకు రోగం (గొర్రెలను ఉన్నట్టుండి చంపే జబ్బు) అన్నారు, ఒకరు పాము అన్నారు, ఇంకొకరు నాము, అంటే లేత జొన్నలో ఉండే విషం, తిన్నాయేమో అన్నారు, కానీ ఆ టైములో చుట్టుపక్కల జొన్న పైరే లేదు. చిటుకు రోగం టీకా వేయించే ఉన్నాడు చిన్నాయన. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు గారు లివర్ చూపించారు, ఉబ్బిపోయి, నల్లబడి, రక్తం నిండి ఉంది. "ఇవి నీళ్లు ఎక్కడ తాగినాయో అక్కడికి తీసకపోండి" అని అడిగి వచ్చి ఆ తెట్టె చూశారు. ల్యాబ్ పరీక్ష లేకుండా ఖాయంగా చెప్పలేను గానీ నా అనుమానం ఈ నీళ్ల మీదే, ఈ పక్క ఒక్క జీవాన్ని కూడా దించొద్దు అని గట్టిగా చెప్పి వెళ్లారు. చిన్నాయన ఆ రోజు అన్నం తినలేదు. నేను తొట్టి కోసం తిరగడం అప్పుడు మొదలైంది.

ముందు ఆ పచ్చదనం ఏమిటో తెలియాలి, లేకపోతే తొట్టి కొని కూడా అవే నీళ్లు తెచ్చి పోస్తాం. దాన్ని పుస్తకాల్లో నీలి ఆకుపచ్చ నాచు అని రాసినా అది అసలు నాచు కాదు, సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు. ఎండ తగిలితే మొక్కల్లాగా ఆహారం తయారు చేసుకుంటాయి. నీళ్లు వేడెక్కి, కదలకుండా నిలిచి, అందులో భాస్వరం, నత్రజని ఎక్కువగా ఉంటే విపరీతంగా పెరుగుతాయి. మన దగ్గర ఆ మూడూ కుదురుతాయి. చెనిక్కాయ చేన్లకు, చీనీ తోటలకు వేసిన డీఏపీ ఎరువు వాన నీళ్లతో వంకల్లో కలిసి వస్తుంది, ఊర్ల మురుగు వస్తుంది, ఎండాకాలం మందలు నీళ్లలోనే నిలబడి పేడ వేస్తాయి, ఎండ సంగతి చెప్పక్కర్లేదు. తుంగభద్ర డ్యాంలో నీళ్లు పచ్చగా మారాయని చాలాసార్లు వార్తలు వచ్చాయి. ఆ డ్యాం నుంచే హెచ్చెల్సీ (ఎగువ కాలువ)లో మన జిల్లాకు, పీఏబీఆర్ (పెన్నా అహోబిలం రిజర్వాయర్)కు నీళ్లు వస్తాయి. కాబట్టి ఇది ఎక్కడో జరిగేది కాదు.

ఈ సూక్ష్మజీవుల్లో కొన్ని రకాల లోపల విషం తయారవుతుంది. అందులో ఎక్కువగా కనిపించేది మైక్రోసిస్టిన్, అది లివర్‌ను పాడు చేస్తుంది. ఇంకోటి అనటాక్సిన్, అది నరాల మీద పని చేస్తుంది. జీవం వణికి, కొట్టుకుని, ఊపిరి అందక నిమిషాల్లోనో కొన్ని గంటల్లోనో పోతుంది. రెండిటికీ విరుగుడు మందు లేదు. ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కూడా కాదు. 1878లోనే ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా అనే సరస్సు ఒడ్డున ఇలాంటి తెట్టె తాగి గొర్రెలు, గుర్రాలు, పందులు, కుక్కలు చచ్చిపోయాయని జార్జ్ ఫ్రాన్సిస్ అనే ఆయన నేచర్ పత్రికకు రాశాడు. 2020లో బోట్స్వానాలో 300కు పైగా ఏనుగులు నీటి గుంటల దగ్గర పడిపోతే అక్కడి ప్రభుత్వం సయనోబాక్టీరియా విషమే కారణమని ప్రకటించింది. అంత పెద్ద ఏనుగే నిలవలేకపోతే ముప్పై కిలోల గొర్రె ఏం నిలుస్తుంది.

రిజర్వాయర్ మధ్యలో నీళ్లు చూస్తే మామూలుగానే ఉంటాయి, అందుకే మనుషులకు అనుమానం రాదు. ఈ సూక్ష్మజీవుల్లో చాలా రకాలకు లోపల గాలి అరలు ఉంటాయి, వాటితో పైకి తేలతాయి. రాత్రి గాలి లేకపోతే పైకి చేరి పొర కడతాయి, పొద్దున లేచిన గాలి ఆ పొరనంతా ఒక ఒడ్డుకు నెడుతుంది. రిజర్వాయర్ మొత్తంలో పరుచుకుని ఉన్న విషం ఆ నాలుగడుగుల అంచులో పోగవుతుంది. మన జీవాలు తాగేది సరిగ్గా ఆ అంచులోనే. గొర్రెల కాపరి కుక్కకు ఇంకా ప్రమాదం, నీళ్లలో పడి ఈది వచ్చి ఒంటిమీద వెంట్రుకలన్నీ నాక్కుంటుంది కదా, తాగిన దానితో పాటు నాకింది కూడా లోపలికి పోతుంది.

ఇప్పుడు తొట్టి సంగతి.

అనంతపురం ఊరి బయట రోడ్డు పక్కన సిమెంటు రింగులు, కంచె స్తంభాలు, జాలీలు పోసే యార్డులు ఉంటాయి, అలాంటి ఒక దాంట్లో కొన్నాను. ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు వద్దు. కర్నూలు, కడప వైపు కూడా ఇలాంటి యార్డులు ఉంటాయి, సరుకు ఇంచుమించు ఇదే. అక్కడ ఉన్నాయన అడిగిన మొదటి ప్రశ్నే నాకు నచ్చింది.

"ఎనుములకా, గొర్రెలకా అన్నా?"

"రెండిటికీ."

"రెండిటికీ ఒకటే అంటే కుదరదన్నా. ఎనుముకు రెండడుగుల ఎత్తుండాల, అంత ఎత్తు పెడితే గొర్రె పిల్లకు మూతి అందదు. అందక ముందుకాళ్లు పైన పెట్టి లోపల పడతాది."

అందుకే రెండు తీసుకున్నాను. ఎనుములకు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న తొట్టి, గొర్రెలకు పెద్ద సిమెంటు పైపును నిలువునా సగం చేసి రెండు కొసలూ మూసిన లాంటిది. పెద్ద తొట్టి ట్రాక్టరు బాడుగతో కలిపి ఆరు వేలకు కాస్త తక్కువ పడింది, సగం పైపు రెండు వేల చిల్లర. పెద్దదాంట్లో దాదాపు 500 లీటర్లు పడతాయి. పాలిచ్చే ఎనుము ఎండాకాలంలో రోజుకు 70, 80 లీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తాగుతుంది, గొర్రె ఐదారు లీటర్లు తాగుతుంది, ఈ లెక్క వేసుకుని సైజు చూసుకోండి. మరీ పెద్దది కొంటే నీళ్లు రోజుల తరబడి నిలిచి అందులోనే పాకుడు పడుతుంది. రోజులో ఖాళీ అయ్యేంత తొట్టే మంచిది.

బరువు గురించి ఎవరూ ముందు చెప్పరు. ఖాళీ తొట్టే అర టన్ను దాకా తూగుతుంది. ట్రాక్టరు మీద నుంచి దించడానికి గొలుసు పుల్లీ వాళ్లే తెస్తారా, మనమే మనుషుల్ని పెట్టుకోవాలా అని ముందే మాట్లాడుకోండి. ఒకసారి దించాక జరపడం కష్టం, కాబట్టి చోటు ముందే ఖాయం చేసుకోవాలి. మేము వేప చెట్టు నీడ పడేలా, కానీ కొమ్మల కింద కాకుండా పెట్టాం. కొమ్మల కింద పెడితే ఆకులు, పూత, పిట్టల రెట్ట అన్నీ లోపల పడతాయి, అవి కుళ్లితే నీళ్లు ఇంకా త్వరగా పచ్చబడతాయి. నీడ మాత్రం తప్పదు. ఎండలో పెట్టిన తొట్టి మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతుంది, ఆ నీళ్లు వద్దని ఎనుములు మళ్లీ రిజర్వాయర్ దారి పడతాయి, ఇంత ఖర్చూ అప్పుడు దండగే. చెట్టు లేకపోతే నాలుగు కట్టెలు పాతి షేడ్ నెట్ కట్టండి.

తొట్టి చుట్టూ నేల కూడా చూసుకోవాలి. గిట్టల కింద నీళ్లు ఒలికి వారంలో గుంత పడుతుంది, ఆ గుంతలో నిలిచిన నీళ్లనే గొర్రెలు తాగుతాయి. తాడిపత్రి వైపు నుంచి వచ్చే బండల ముక్కలు చౌకగా దొరుకుతాయని పరిచాం, నునుపు వైపు పైకి ఉంటే తడికి ఎనుము కాలు జారుతుంది, గరుకు వైపు పైకి వేయించండి, లేదా గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించండి.

నాణ్యత విషయానికి వస్తే గోడ మందం బాగుంది, లోపలి మూలలు గుండ్రంగా పోశారు, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే చదరపు మూలల్లో పాకుడు పేరుకుంటే చీపురు అందదు. బీటలు ఉన్నాయో లేవో చూడడానికి ఒక పద్ధతి ఉంది, కొనేటప్పుడు తొట్టిని లోపలా బయటా నీళ్లతో తడిపి పది నిమిషాలు ఆగండి. మిగతా గోడ ఆరి తెల్లబడుతుంది, బీట ఉన్న చోట మాత్రం నల్ల గీతలాగా తడి మిగులుతుంది. యార్డుల్లో సన్న బీటల మీద సిమెంటు పాలు పూసేస్తారు, ఉత్త కంటికి కనపడవు. నాకు చూపించిన మొదటి తొట్టిలో అలాంటి గీత ఒకటి మూల నుంచి మధ్య దాకా కనిపించింది, వేరేది ఇవ్వమంటే మాట మాట్లాడకుండా ఇచ్చారు, ఆ విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి.

ఇక ఫిర్యాదు. నీళ్లు వదిలే రంధ్రం అడుగుకు ఆనుకుని లేదు, ఒక అంగుళం పైకి ఉంది. మూత తీస్తే పైనీళ్లు పోతాయి, అడుగున అంగుళం మందం నీళ్లు, దాంతో పాటు బురద, పాకుడు, మేత తునకలు మిగిలిపోతాయి. కడిగిన ప్రతిసారీ చెంబుతో తోడి, గుడ్డతో తుడవాలి. పశువుల తొట్టికి ఉండే ముఖ్యమైన పనే కడగడం, దానికి వాటం లేకుండా పోస్తే ఎట్లా. అడిగితే అచ్చే అట్లా ఉందన్నారు. ఒక మార్కు పోయింది ఇక్కడే. మీరు ఆర్డర్ ఇచ్చేటప్పుడు రంధ్రం అడుగు మట్టానికే కావాలని, అడుగు అటు వైపు వాలుగా ఉండాలని చెప్పి పోయించుకోండి, డబ్బులు వంద రెండొందలు ఎక్కువ అడిగినా ఇచ్చేయండి.

బాల్ కాక్ (తొట్టి నిండగానే నీళ్లు ఆపే తేలే బంతి కుళాయి) పెట్టుకునేటట్టయితే ఒక కొసన చిన్న అర పోసి ఇవ్వమనండి, దాని మీద బండ మూత ఉండాలి. బయటికి కనపడేలా పెడితే ఎనుము కొమ్ముతో ఒక్క గుద్దు గుద్దుతుంది, ప్లాస్టిక్ కాక్ విరిగిపోతుంది, రాత్రంతా బోరు నీళ్లు పారిపోతాయి. ఇత్తడిది ఖరీదు ఎక్కువైనా అదే వేసుకోండి.

కొత్త తొట్టిలో వెంటనే నీళ్లు పెట్టి పశువులను వదలొద్దు. కొత్త సిమెంటులోని సున్నపు ఘాటు నీళ్లలోకి దిగుతుంది, మా ఎనుములు మూతి పెట్టి వెంటనే తల ఎత్తేశాయి. నీళ్లు నింపి రెండు రోజులు ఉంచి పారబోయడం, మళ్లీ నింపడం, ఇట్లా వారం పది రోజులు చేశాక గానీ అవి దారికి రాలేదు. ఆ వారం పాటు వాటిని రిజర్వాయర్ వైపు పోకుండా ఆపడమే పెద్ద పని అయింది, అలవాటైన దారి కదా. ముందు రెండు బక్కెట్ల నీళ్లు, కాస్త తవుడు కలిపిన కుడితి తొట్టి దగ్గర పెట్టి మరిపించాం.

వారానికి ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి, కొబ్బరి పీచుతో రుద్ది, ఎండనిచ్చి, నెలకోసారి లోపల సున్నం కొడుతున్నాం, ఆరాకే నీళ్లు. సున్నం కొట్టిన గోడ మీద పాకుడు త్వరగా పట్టదు, పట్టినా తెల్ల గోడ మీద వెంటనే కనపడుతుంది. గోడకు అంటుకునే ఆ పలచటి పచ్చ పొర చూసి భయపడక్కర్లేదు, రుద్దితే పోతుంది, చాలావరకు అది మామూలు నాచే. నీళ్లే పచ్చగా చిక్కబడితే, పైన పెయింటులాగా పొర తేలితే, ఆ నీళ్లు పూర్తిగా పారబోయాలి. పారబోసేది కూడా జీవాలు నాకని చోట పోయండి.

రిజర్వాయర్ దగ్గర తేడా తెలుసుకోవడానికి ఒక సులువైన పని ఉంది. పొడుగు కట్టెతో ఆ పచ్చదనాన్ని లేపి చూడండి. వెంట్రుకల్లాగా, పీచులాగా కట్టెకు చుట్టుకుని వేలాడితే అది చాలావరకు మామూలు నాచు. కట్టెకు రంగు పూసినట్టు అంటి, జారిపోతే అనుమానించాలి. ఇంకోటి, చేతికి ప్లాస్టిక్ కవర్ కట్టుకుని ఒక గాజు సీసాలో ముప్పావు వంతు ఆ నీళ్లు పట్టి, మూత పెట్టి, కదపకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఒక పక్కన పెట్టండి, మీద పేరు రాసి పెట్టండి, పిల్లలు తాగకుండా. పొద్దునకు పచ్చదనం అడుగుకు దిగితే చాలావరకు మామూలు నాచు అనుకోవచ్చు, అయినా పూర్తి భరోసా లేదు, పైకి తేలి సీసా మెడ దగ్గర రింగులాగా కడితే సయనోబాక్టీరియా అయ్యే అవకాశం ఎక్కువ. విషం ఉందా లేదా అనేది మాత్రం ఏ సీసా చెప్పదు, కంటికి రంగు తెలుస్తుంది గానీ విషం తెలియదు, అది ల్యాబ్‌లోనే తేలుతుంది. అందుకే పైకి తేలిందంటే విషం ఉన్నట్టే లెక్క వేసుకుని ఆ ఒడ్డు మానేయాలి.

తొట్టిలో పోసే నీళ్లు ఎక్కడివి అనేది తొట్టి కంటే పెద్ద ప్రశ్న. బోరు ఉంటే సమస్యే లేదు. బోరు ఎండిపోయి రిజర్వాయర్ నుంచే మోటారు పెట్టుకునే వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు పైపు ఒడ్డున పడేయకుండా, తెట్టె చేరే వైపు కాకుండా, లోపలికి, పైపొరకు కిందగా దించాలి. నీళ్లు బాగా పచ్చబడ్డ రోజుల్లో అయితే అదీ వద్దు, ఆ కణాలు చచ్చి పగిలినప్పుడు విషం నీళ్లలోనే కరిగి ఉంటుంది, జల్లెడ పట్టినా పోదు. కాచినా పోదు. 2014లో అమెరికాలో టొలీడో అనే ఊరికి వచ్చే సరస్సు నీళ్లలో ఇదే విషం కనపడితే, నాలుగు లక్షల మందికి పైగా జనాన్ని ఆ నీళ్లు తాగొద్దు, కాచి కూడా తాగొద్దు అని హెచ్చరించారు. ఆ రోజులకు ట్యాంకరు తెప్పించుకోవడమే దారి. పది ఇళ్లు కలిస్తే ఒక్కో ఇంటికి పడే ట్యాంకరు ఖర్చు ఒక గొర్రె పిల్ల ధరలో చిన్న భాగమే.

ఇప్పుడు అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది. యార్డులోనూ, మందుల షాపులోనూ ఇద్దరూ నాకు ఒకే సలహా ఇచ్చారు, "కొంచెం మైలుతుత్తం వేసుకోన్నా, పచ్చదనం ఒక్క రోజులో పోతాది" అని. పోతుంది, నిజమే. ఆ కణాలు పగిలిపోతాయి, రంగు పోతుంది, లోపల ఉన్న విషమంతా ఒక్కసారిగా నీళ్లలోకి వస్తుంది. నీళ్లు తేటగా కనపడతాయి కాబట్టి జీవాలను ధైర్యంగా వదులుతాం, అదే అసలు ప్రమాదం. 1979లో ఆస్ట్రేలియాలో పామ్ ఐలండ్ అనే చోట తాగునీటి రిజర్వాయర్ పచ్చబడితే కాపర్ సల్ఫేట్, అంటే ఈ మైలుతుత్తమే, చల్లారు. ఆ తర్వాత దాదాపు 150 మంది లివర్ జబ్బుతో ఆస్పత్రి పాలయ్యారు, ఎక్కువ మంది పిల్లలే. గొర్రెలకైతే రాగి విడిగానే విషం. ఎనుము తట్టుకునే రాగిని గొర్రె తట్టుకోలేదు, అది లివర్‌లో కొద్దికొద్దిగా పేరుకుని ఒక రోజు ఉన్నట్టుండి ఎర్రటి మూత్రం, పచ్చకామెర్లతో పడిపోతుంది. కాబట్టి గొర్రెలు తాగే తొట్టిలో మైలుతుత్తం వద్దే వద్దు, ఎవరు ఎంత చెప్పినా సరే. నాచు పోగొట్టే మందు అని రంగు రంగుల సీసాలు కూడా అమ్ముతున్నారు, వాటి మీద చిన్న అక్షరాల్లో కాపర్ అని ఉందేమో చదివి కొనండి, నేనైతే అసలు కొనొద్దంటాను. కడగడం, నీడ, సున్నం చాలు.

వేరే రకాలు కూడా చూశాను, వాటి గురించి రెండు ముక్కలు. సగం కోసిన ప్లాస్టిక్ డ్రమ్ము అన్నిటికంటే చౌక, మోసుకుపోవచ్చు, మందతో తిరిగే వాళ్లకు అదే నయం, కానీ మన ఎండకు రెండు మూడేళ్లలో పెళుసెక్కి పగులుతుంది. అది పురుగుమందు డ్రమ్మో, రసాయనాల డ్రమ్మో అయితే ఎంత కడిగినా పశువులకు పెట్టొద్దు. బావికి వేసే రింగుకు అడుగు పోయించుకుంటే తొట్టి కంటే చౌక పడుతుంది, గుండ్రంగా ఉంటుంది కాబట్టి కడగడమూ సులువే, నలుగురైదుగురు దొర్లించి జరపగలరు, మా పక్కింటి వాళ్లు అదే వేసుకున్నారు, చూస్తే నాకు అది మంచి బేరమనే అనిపించింది. ఉపాధి హామీ కింద ఊర్లలో కట్టిన నీళ్ల తొట్లు చాలా చోట్ల ఉన్నాయి, అవి వాడుకలో లేకపోతే పంచాయతీలో అడిగి కడిగించి నీళ్లు పెట్టించండి.

తొట్టి ఉన్నా ఏదో ఒక రోజు ఒక గొర్రె తప్పించుకుని ఆ ఒడ్డున తాగొచ్చు. తూలడం, వణకడం, నోట్లో నురగ, ఊపిరి ఆడకపోవడం, చిగుళ్లు పాలిపోవడం, ఉన్నట్టుండి మేత మానేయడం, ఇలాంటివి కనపడితే వెంటనే నీళ్ల దగ్గర నుంచి నీడలోకి తేవాలి, ఒంటికి అంటిన తెట్టెను మంచి నీళ్లతో కడగాలి, పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయాలి లేదా దగ్గర్లోని పశు వైద్యుడిని పిలవాలి. పొట్టలోకి నూనె, మజ్జిగ పోసి ఆలస్యం చేయొద్దు, తూలే జీవానికి బలవంతంగా తాగిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ ఒడ్డు నీళ్లు ఒక సీసాలో పట్టి చల్లగా దాచి డాక్టరు గారికి చూపించండి, ఆయనకు ఒక దారి దొరుకుతుంది. బతికి బయటపడ్డ వాటికి కూడా కొన్ని రోజుల తర్వాత చెవులు, మూతి, తెల్ల మచ్చలు ఉన్న చోట్ల చర్మం ఎండకు కాలినట్టు ఊడొచ్చు, అది వేరే చర్మ రోగం కాదు, లివర్ దెబ్బతింటే ఎండ తట్టుకోలేవు, వాటిని నీడలోనే ఉంచి మేపాలి. చచ్చిన దాన్ని మాత్రం మనమే కోసి చూడకూడదు, ముక్కు నుంచో వెనక నుంచో రక్తం కారుతుంటే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు, మనిషికీ అంటుతుంది. డాక్టరే చూడాలి. ఇన్సూరెన్స్ ఉన్నవాటికి చెవి పోగు, పోస్ట్‌మార్టం రిపోర్టు రెండూ ఉంటేనే క్లెయిము నడుస్తుంది, తొందరపడి పూడ్చేస్తే ఆ డబ్బులూ పోతాయి.

చిన్నాయన మంద ఈ ఎండాకాలం సగం పైపు దగ్గరే తాగింది. రిజర్వాయర్ ఈసారీ పచ్చబడింది, మందలో మాత్రం తూలిన గొర్రె లేదు. ఇదంతా తొట్టి వల్లే అని నేను చెప్పలేను గానీ, చిన్నాయన ఇప్పుడు ఆ ఒడ్డున తుమ్మ కంప అడ్డం వేసి, పక్క ఊరి నుంచి వచ్చే మందలను కూడా తొట్టి దగ్గరికే పిలుస్తున్నాడు. దానివల్ల తొట్టి మధ్యాహ్నానికే ఖాళీ అయి బోరు రెండుసార్లు వేయాల్సి వస్తోంది, అందుకే ఇంకో సగం పైపుకు ఆర్డర్ ఇచ్చాం, ఈసారి రంధ్రం అడుగు మట్టానికే ఉండాలని కాగితం మీద రాసిచ్చి మరీ.

కొనేవాళ్లు ఫిబ్రవరిలోనే ఆర్డర్ ఇవ్వండి. మార్చి దాటితే యార్డులో గిరాకీ పెరిగి, పోసిన తొట్టిని సరిగ్గా నీళ్లు పట్టకుండానే ట్రాక్టరు ఎక్కించేస్తారు, అలాంటిదే త్వరగా బీటలిస్తుంది. పోసి ఎన్ని రోజులైంది, ఎన్ని రోజులు తడిపారు అని అడిగి, తడిపి బీటలు చూసుకుని, అప్పుడు అడ్వాన్స్ ఇవ్వండి.